నడిసంద్రంలో ఇనుపదీవి

క్షీరసాగర మథనవేళ మందరపర్వతాన్ని కడలిలో నిలుపగానే అది అడుగున ఆధారం లేక మునిగిపోయిందనీ, అప్పుడు విష్ణువు కూర్మరూపం దాల్చి దానిని వీపున మోశాడనీ భాగవతంలోని అష్టమస్కంధం చెబుతుంది. ఆ కథలో నన్ను ఆలోచింపజేసేది అమృతం కాదు, ఆ తొలి మునక. కొండను తెచ్చినవారు, వాసుకిని తెచ్చినవారు, కింద దేనిపై నిలుపుతామన్న విచారణ ముందుగా చేసినట్లు కనిపించదు.

నేటి మానవుడు చమురు కోసం, సహజవాయువు కోసం సముద్రగర్భాన్ని తొలుస్తున్నాడు. చోటునుండి చోటుకు తరలించదగిన ఈ కట్టడాలే రిగ్గులు. లోతు తక్కువైన చోట జాకప్ రిగ్గు తన ఉక్కుకాళ్లను సముద్రపు అడుగుకు దించి, దేహాన్ని అలలకు అందకుండా ఎత్తుకొని నిలుస్తుంది. లోతు పెరిగితే సగం మునిగి తేలే రిగ్గు కావాలి. దాని అడుగున పడవలవంటి బోలు తొట్లు, వాటిపై లావైన స్తంభాలు, ఆపైన పనిచేసే వేదిక ఉంటాయి. తొట్ల అరలలోకి నీటిని తీసుకొంటే రిగ్గు దిగుతుంది, తోడివేస్తే లేస్తుంది. ఏ అరలో ఎంత నీరు ఉండాలో అనుక్షణం సరిచూడటమే దానికి ప్రాణం.

1976లో జపానులో నిర్మితమైన ‘ఓషన్ రేంజర్’ ఇటువంటిదే. రెండు తొట్లు, ఎనిమిది స్తంభాలు, పన్నెండు లంగర్లు గల మహాకాయం. 1982 ఫిబ్రవరి 14 రాత్రి, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు తూర్పున, తుపానులో ఒక పెద్ద అల నీటి నియంత్రణ గది కిటికీ అద్దాన్ని పగులగొట్టింది. ఆ అద్దానికి లోహపు మూత ఉంది, వేసి లేదు. ఉప్పునీరు పడి మీటల పలక చెడిపోయింది. విద్యుత్తు ఆపితే కవాటాలు మూసుకొనే ఉంటాయి. సిబ్బంది ఆపారు కూడా. తరువాత మళ్లీ విద్యుత్తు ఇవ్వగానే కవాటాలు కొన్ని తెరుచుకొన్నాయి. రిగ్గు ముందుకు ఒరిగింది. ఇత్తడి కడ్డీలతో కవాటాలను చేతితో నడిపే ఉపాయం ఉంది గాని, దాని తీరు అక్కడివారికి సరిగా తెలియదు. పంపులు తొట్ల వెనుక చివరన ఉన్నందున, ఒరిగిన తరువాత ముందరి అరల నీటిని అవి లాగలేకపోయాయి. లంగరు గొలుసుల గదులలోకీ కెరటాలు చొరబడ్డాయి. తెల్లవారకముందే రిగ్గు మునిగింది. సహాయనౌక ఒక ప్రాణరక్షక పడవను చేరగలిగింది గాని, కళ్లెదుటనే అది బోల్తాపడింది. గడ్డకట్టించే నీటిలో దేహాన్ని కాపాడే దుస్తులు సిబ్బందికి లేవు. 84 మందిలో ఒక్కరూ మిగలలేదు.

ఇటువంటి వేళ ‘మానవ తప్పిదం’ అన్న మాట సులువుగా నోటికి వస్తుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. నేర్పని విద్య రాలేదని నిందించడం న్యాయమా? కెనడా నియమించిన విచారణ సంఘం నిర్మాణలోపాలతోపాటు శిక్షణలోపాన్నీ ఎత్తిచూపింది. నియంత్రణ గదిలో కూర్చున్నవారు పనిని పక్కవారిని చూసి నేర్చుకొన్నవారే. ఉక్కుకు పెట్టిన ఖర్చులో పాఠానికి పెట్టినదెంత?

కంప్యూటర్లు వచ్చాక ఆ బెడద తీరిందనేవారు 2010 ఏప్రిల్ 20ని తలచుకోవాలి. మెక్సికో సింధుశాఖలో ‘డీప్‌వాటర్ హొరైజన్’ రిగ్గుపై ఆనాడు జరిపిన పరీక్షలో, ఉండకూడని పీడనాన్ని పరికరం చూపనే చూపింది. చూసినవారు దానికి వేరే అర్థం చెప్పుకొన్నారు. ఆ రాత్రి పేలుడులో 11 మంది మరణించారు. పరికరం అంకెను ఇస్తుంది; అర్థాన్ని మనిషే గ్రహించాలి.

మన కాకినాడ తీరానికి ఆవల కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ రిగ్గులు బావులు తవ్వాయి. అటువంటి చోట పనికి వెళ్లే ప్రతివ్యక్తికీ, వంటవానితో సహా, ఏ కవాటం ఎందుకుందో తనకు తెలిసిన భాషలో, చేసి చూపి చెప్పాలని నా అభిప్రాయం. సాంకేతిక విషయాలు తెలుగులో చెప్పడం సాధ్యం కాదని వాదించే పెద్దలున్నారు. తొట్టి, కవాటం, లంగరు, గొలుసు, మీట: పైన ఒక రిగ్గు మునిగిన తీరు చెప్పడానికి నాకు ఈ మాటలు చాలాయి.