తియ్యగా ఉన్నా అది మందే

సంక్రాంతి వెళ్లిన వారం. పట్టిసీమ నుంచి అరవై దాటిన ఒకావిడను తెల్లవారుజామున మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు. మాట ముద్దగా వస్తోంది. పిలిస్తే సరిగా పలకడం లేదు. పక్షవాతమేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోయారు. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే షుగర్ 42. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి కళ్లు తెరిచి, కోడలిని పేరు పెట్టి పిలిచారు.

ఆవిడ ఏళ్లుగా షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నారు. ముందు రోజు రాత్రి ఆకలి లేక రెండు ముద్దలే తిన్నారు. "మందేమైనా పుచ్చుకున్నారామ్మా?" అని అడిగితే నొచ్చుకున్నారు. "అయ్యయ్యో, మా ఇంటా వంటా లేదండీ! మా అబ్బాయి ఫ్రాన్సు నుంచి తియ్యటి ద్రాక్షరసం తెచ్చేడండి. గుండెకి మంచిదన్నాడు. పడుకోబోయే ముందు చిన్న గ్లాసుడు తాగుతున్నానండి."

సీసా తెప్పించి చూశాను. దక్షిణ ఫ్రాన్సులోని రూసియోన్ ప్రాంతపు తియ్యటి వైన్ అది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 16 శాతం ఆల్కహాల్ అని ఉంది.

తీపి ఎలా మిగిలింది?

తాటికల్లు సంగతి మన గోదావరి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సున్నం రాసిన కుండలో దించిన నీరా తియ్యగా ఉంటుంది. సున్నం లేకపోతే పొద్దెక్కేకొద్దీ పులిసి తీపి తగ్గుతుంది, మత్తు పెరుగుతుంది. అంటే చక్కెర ఆల్కహాల్‌గా మారిందన్నమాట. ద్రాక్షరసమూ అంతే. రూసియోన్‌లో ఎండ ఎక్కువ, అక్కడి పండులో తీపీ ఎక్కువే. రసం కొంత పులిశాక అందులో గాఢమైన ద్రాక్ష సారా పోస్తారు. దాంతో పులియబెట్టే ఈస్ట్ పని ఆగిపోతుంది. పండు తీపి కొంత అలాగే మిగులుతుంది, బయటి నుంచి పోసిన ఆల్కహాల్ అదనంగా చేరుతుంది. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్ చేసేదీ ఈ పద్ధతిలోనే.

16 శాతం వైన్ 100 మిల్లీలీటర్లు తాగితే 12 గ్రాములకు పైగా ఆల్కహాల్ లోపలికి వెళ్తుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. ఆ అమ్మగారు రోజూ పెగ్గుకు మించే తాగుతున్నారు, తెలియకుండా. నాలుకకు తీపి తగలడంతో లోపలి ఘాటు తెలియలేదు. మనం తినని వేళల్లో కాలేయం చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆల్కహాల్ ఆ పనికి అడ్డుపడుతుంది. షుగర్ మాత్ర తన పని తాను చేసుకుపోతుంది. పైగా కడుపు ఖాళీ. తెల్లారేసరికి జరిగింది చూశారుగా.

ఈ పేరు ఎక్కడిది?

వీటికి ఔషధమన్న పేరు ఈనాటిది కాదు. ఇలా సారా పోసి పులుపు ఆపే పద్ధతిని 1285 ప్రాంతంలో ఆర్నో ద విల్నవ్ అనే వైద్యుడు కనిపెట్టాడని చెబుతారు. 1866లో రూసియోన్‌లోని తుయిర్ అనే ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు వైన్‌లో క్వినైన్ బెరడు కలిపి 'బిర్' పేరుతో బలం టానిక్‌గా అమ్మారు. ఆ రోజులకు తెలిసిన వైద్యం అది. ఈ రోజు మలేరియా వస్తే మన ఏజెన్సీలో ఎవరైనా వైన్ తాగిస్తారా?

అయినా మన ఇళ్లలో నమ్మకాలు పోలేదు. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందంటారు. ఆ ఎరుపు ద్రాక్ష తొక్కలోని రంగు మాత్రమే. 100 మిల్లీలీటర్ల రెడ్ వైన్‌లో ఇనుము అర మిల్లీగ్రాము దగ్గర ఉంటుంది. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఒక్క ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. బాలింతకు బలమని పోర్ట్ వైన్ పట్టించేవాళ్లూ ఉన్నారు. తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. గుండెకు మంచిదన్న మాటకూ ఇప్పుడు బలం లేదు. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

తాగేవాళ్లకు నీతులు చెప్పడం నా ఉద్దేశం కాదు. తెలిసి తాగేవాళ్లు తెలిసే తాగుతారు. నా బాధల్లా తెలియక తాగేవాళ్ల గురించే. విదేశాల నుంచో గోవా నుంచో సీసా తెచ్చే పిల్లలకు ఒక్క మాట. అమ్మకు ఇచ్చే ముందు లేబుల్ మీద శాతం చదవండి. అది మద్యమని ఆవిడకు చెప్పండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, నిద్రమాత్రలు వాడేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు, బాలింతలకు అసలే ఇవ్వొద్దు. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. డాక్టరు అడిగినప్పుడు "తియ్యటి వైనే కదా" అని దాచొద్దు.

మాత్ర ప్రభావం ఇంకా ఉంటుందని ఆ అమ్మగారిని రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచాం. ఇంటికి వెళ్తూ అడిగారు: "మిగిలింది ఏం చేయమంటారండీ? చాలా ఖరీదైందటండి."

"పారబోయండమ్మా. ఈసారి వచ్చేటప్పుడు ఒక గ్లూకోమీటర్ తెమ్మనండి" అన్నాను.

(రచయిత ప్రభుత్వాసుపత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎండీ)