మాయ పడేదాకా ఆగాలా?

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చి వారం దాటింది. ఆఫీసులో అందరూ అరిసెల గురించి, హైవే మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటుంటే నేను మేకపిల్లల గురించి మాట్లాడుతున్నానని నవ్వుతున్నారు. నవ్వితే నవ్వారు. ఇది ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే నాకు తోచేట్టు లేదు.

మాది కనిగిరి వైపు పల్లెటూరు. వాన మీద నమ్మకం లేని ఊళ్ళు కాబట్టి ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో నాలుగు మేకలో గొర్రెలో ఉంటాయి. పంట పోయిన ఏడాది ఇల్లు గడిపేవి అవే. మా బాబాయికి పద్దెనిమిది మేకలున్నాయి. కిందటేడు పిన్ని ఆపరేషనుకి బ్యాంకుకి పోలేదు, వడ్డీకి తేలేదు, మూడు పోతుల్ని అమ్మాడు. అందుకని పుట్టిన పిల్ల ఒకటి చచ్చిపోయిందంటే 'అయ్యో పాపం' అని ఊరుకునే సంగతి కాదు.

కిందటేడు సంక్రాంతికే జరిగింది. రాత్రి మేక ఈనింది, మూడు పిల్లలు. రెండు బాగానే లేచాయి. మూడోది మెడ వాల్చేసి పడుంది. బాబాయి దాన్ని గోనెసంచి మీద పడుకోబెట్టి గంప మూసి, "తెల్లారేదాకా ఉంటే చూద్దాంలేరా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, ఏదో ఒకటి చెయ్యకుండా ఎట్లా ఉంటాను? ప్యాకెట్ పాలు గోరువెచ్చగా కాచి, సూది తీసేసిన సిరంజితో దాని నోట్లో పోశాను. రెండుసార్లు గుటకేసినట్టు అనిపించింది. తర్వాత దగ్గింది. ముక్కులోంచి పాల నురగ వచ్చింది. అరగంటలో పోయింది.

బాబాయి నన్నేమీ అనలేదు. "ఎట్టాగూ పొయ్యేదేలేరా" అన్నాడంతే. ఆ మాట పట్టుకుని నేనూ సమాధానపడిపోయాను.

తర్వాత రెండు నెలలకి, పశువుల డాక్టరుగా చేస్తున్న ఇంటర్ స్నేహితుడొకడు కలిసినప్పుడు ఇది చెప్పాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "ఒళ్ళు ఎంత వేడుంది? నోట్లో వేలు పెట్టి చూశావా?" చూడలేదు. "అయితే దాన్ని చంపింది నువ్వే" అన్నాడు, చాలా మామూలుగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాడు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

మేకపిల్ల ఒళ్ళు మామూలుగా 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. అది అమ్మ కడుపులోంచి తడిగా బయటపడుతుంది. జనవరి రాత్రి, చలిగాలి. ఒంట్లో కాస్త కొవ్వు ఉంటుంది గానీ అది కొన్ని గంటలకే సరి. ఈలోగా ఆరకపోతే, పాలు తాగకపోతే ఒళ్ళు చల్లబడిపోతుంది. 100 లోపుకి వచ్చిందంటే ప్రమాదం మొదలైనట్టే. ఇంకా చల్లబడితే చీకడం మానేస్తుంది, మింగడం సరిగ్గా రాదు, పేగులూ పనిచెయ్యవు. అప్పుడు నోట్లో పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను చేసింది సరిగ్గా అదే.

అంటే వరస ముఖ్యం. ముందు ఆరబెట్టాలి, తర్వాత వెచ్చబెట్టాలి, ఆ తర్వాతే పాలు. మా భాషలో చెప్పాలంటే కరెంటే రాని మిషన్‌లో ప్రోగ్రాం ఎక్కించబోయాను నేను. ఇంకో మెలిక కూడా ఉంది. పుట్టి అయిదారు గంటలు దాటి, బాగా చల్లబడిపోయి, తల కూడా ఎత్తలేని పిల్లని ఊరికే వెచ్చబెట్టినా ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. ఎందుకంటే అప్పటికి దాని రక్తంలో చక్కెర అయిపోయి ఉంటుంది. దానికి ముందు గ్లూకోజు ఇంజెక్షను పడాలి. అది డాక్టరు చెయ్యాల్సిన పని, మనం ప్రయోగాలు చేసేది కాదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. మేక ఈనాక మాయ పడేదాకా పిల్లల్ని పొదుగు దగ్గరికి పోనివ్వరు. ముందే పాలు తాగితే మాయ లోపల ఉండిపోతుందని నమ్మకం. మా నాయనమ్మకైతే అది వేదవాక్కు. మాయ ఒక్కోసారి గంటలో పడుతుంది, ఒక్కోసారి నాలుగైదు గంటలు పడుతుంది. గట్టి పిల్ల ఆ నాలుగైదు గంటలూ తట్టుకుంటుంది. నీరసంగా పుట్టిన పిల్ల తట్టుకోలేదు. తెల్లారి చూసి 'బలం లేక పుట్టింది, పోయింది' అంటాం. బలం లేకపోవడం నిజమే కావచ్చు. కానీ ఉన్న కాస్త బలమూ మనం కాపలా కాసి మరీ కరగబెట్టాం కదా!

నిజానికి సంగతి తిరకాసు. పిల్ల చీకినప్పుడే తల్లి ఒంట్లో ఒక హార్మోను విడుదలవుతుంది. దానివల్ల పాలు దిగుతాయి, గర్భసంచి ముడుచుకుంటుంది. ముడుచుకుంటేనే మాయ ఊడి వస్తుంది. అంటే మాయ పడ్డానికి సాయం చేసే పనినే మనం ఆపుతున్నామన్నమాట.

నాయనమ్మ దగ్గర దీనికి ఒక గట్టి వాదన ఉంది. "మీ నాయనకి మూడు రోజులు పంచదార నీళ్ళేరా పోసింది. ఎవుడన్నా చచ్చాడా?" అంటుంది. ఈ ప్రశ్నకి నాకు చాలారోజులు జవాబు దొరకలేదు. దొరికాక మాత్రం మొత్తం అర్థమైంది. మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకి మాయ ద్వారా రోగాల్ని ఎదుర్కునే రక్షణ కొంత అందుతుంది. మేకలో మాయ కట్టుబడి వేరు, దానిగుండా ఆ రక్షణ పోదు. మేకపిల్ల ఒట్టి చేతుల్తో పుడుతుంది. దానికి దక్కేదంతా ముర్రుపాలలోనే ఉంది. ఆ ముర్రుపాలలోని రక్షణని పేగులు పీల్చుకునేది కూడా మొదటి గంటల్లోనే, రోజు గడిచేసరికి ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. మనుషులకైనా మొదటి గంటలోనే తల్లిపాలు పట్టమని డాక్టర్లు చెబుతారు. కాకపోతే పంచదార నీళ్ళతో మా నాన్న గట్టెక్కాడు, మేకపిల్ల గట్టెక్కలేదు.

లెక్క కూడా పెద్దదేం కాదు. మొదటిరోజు పిల్ల బరువులో పదో వంతు ముర్రుపాలు పడాలి. కిలోన్నర పిల్లకి 150 మిల్లీలీటర్లు. అందులో సగం మొదటి ఆరు గంటల్లోపు, కొంచెం కొంచెంగా. చల్లారిపోతే గిన్నెని వేణ్ణీళ్ళలో పెట్టి వెచ్చబెట్టాలి తప్ప పొయ్యి మీద కాచకూడదు. కాస్తే ఏమవుతుందో మనకి తెలుసుగా, జున్నవుతుంది!

ఇక ఈ ఏడు. భోగి ముందు రాత్రి మూడింటికి మేక ఈనింది, రెండు పిల్లలు. రెండోది కిలో మూడొందల గ్రాములు, లేవలేదు. ఈసారి నా జేబులో థర్మామీటరు ఉంది. 96.4. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, చీకలేదు. నోరూ ముక్కూ తుడిచి, గోనెతో రుద్ది, బొడ్డుకి టించర్ అయోడిన్ పెట్టాను. తలంట్లకని పిన్ని అప్పటికే కాగులో నీళ్ళు పెట్టింది. రెండు కూల్‌డ్రింక్ సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి గుడ్డ చుట్టి పిల్లకి అటూ ఇటూ పెట్టాం. "దాన్ని తల్లి ముక్కు కాడే ఉంచరా, వాసన మర్చిపోయిందంటే మళ్ళా దగ్గరికి రానియ్యదు" అంది నాయనమ్మ. ఆ మాట నేను చదివిన ప్రతిచోటా ఉంది. ఆవిడకి అది ఎవరూ చదివి చెప్పలేదు.

గంట దాటాక 100.8 వచ్చింది. వేలు పెడితే మెల్లగా చీకింది. అప్పుడు మొదలైంది గొడవ. మాయ ఇంకా పడలేదు.

"పడనీరా ముందు" అంది నాయనమ్మ.

"నాయనమ్మా, మాయ పడకపోతే మేక ఖరీదు నేనిస్తాను."

"నీ డబ్బులెవురిక్కావాల్రా? మేక పొయ్యిద్ది" అంది. కానీ బాబాయి ఏమనుకున్నాడో, వెళ్ళి రెండు చన్నులూ పిండి మొదటి ధార తీసేసి, గ్లాసులో పాలు పట్టుకొచ్చాడు. నలభై మిల్లీలీటర్లు పట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బయట భోగిమంట వేసే వేళకి పిల్ల లేచి నిలబడి, పడి, మళ్ళీ నిలబడింది. కాసేపటికి మాయా పడింది.

దీంతో నా మాటే రుజువైందని అనను. ఒక్క మేకతో ఏదీ రుజువు కాదు, చాలా మేకలకి మాయ ఎట్లాగూ పడుతుంది. నాయనమ్మ కూడా అదే అంది, "ఎట్టాగూ పడేదేలేరా" అని. వింటే నవ్వొచ్చింది, వెంటనే గుండె కలుక్కుమంది. కిందటేడు నేను చంపిన పిల్లకి బాబాయి అన్న మాటా అదే. 'ఎట్టాగూ' అనే మాట అంటే ఇక వెతకాల్సింది ఏమీ ఉండదు.

నాకు నిజంగా అభ్యంతరం ఈ 'ఎట్టాగూ' మీదే. అలాగని ఊళ్ళోవాళ్ళకి ఏమీ తెలియదనే బాపతు కాదు నేను. పగలంతా మిరపకోతకి వెళ్ళొచ్చిన మనిషిని రాత్రంతా మేకపిల్ల పక్కన కూర్చోమనడం సెలవు మీద వచ్చిన నాకు సులువే. అందుకే కష్టంలేనివే చెబుతున్నాను. పుట్టిన గంటలోపు పాలు పట్టడానికి పైసా ఖర్చు లేదు. థర్మామీటరు సినిమా టిక్కెట్టు కన్నా ఎక్కువేం కాదు. ఇక అసలు మందు ఈనకముందే ఉంది. మేక చూడి అయిదు నెలలు. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి నెలన్నర, రెండు నెలల్లోనే. మా వైపు బీళ్ళలో మేత తగ్గితే తల్లి ఎండుతుంది, పిల్ల నీరసంగా పుడుతుంది. ఆ నెలన్నర గుప్పెడు జొన్నలో తవుడో, కాస్త వేరుశనగ చెక్కో అదనంగా పెట్టి, ఈనడానికి నెల ముందు చిటుకు రోగం టీకా వేయిస్తే సగం యుద్ధం అక్కడే అయిపోతుంది.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రలో 55 లక్షలు, తెలంగాణలో 49 లక్షలు దాటి మేకలున్నాయి. తెలంగాణలో 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద పంచడం మొదలైనప్పుడు ఎంత చర్చ జరిగిందో గుర్తుంది కదా. జీవాలు పంచడం గురించి మాట్లాడుకున్నదాంట్లో పదో వంతైనా పుట్టిన పిల్ల మొదటి రాత్రి గురించి మాట్లాడుకుంటే బాగుండునని నా బాధ. 1962కి ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది, మంచిదే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి ఆ పిల్ల దగ్గర ఉండేది పిన్నో, నాయనమ్మో. తెలియాల్సింది వాళ్ళకి.

నిన్న పిన్ని వీడియో పంపింది. రెండో పిల్ల నాయనమ్మ మంచం ఎక్కి దుప్పటి నములుతోంది. నాయనమ్మ తిడుతోంది గానీ తొయ్యడం లేదు. ఇంకో మేక మాఘంలో ఈనుతుందట. ఈసారి నేనుండను. థర్మామీటరు మాత్రం అక్కడే వదిలి వచ్చాను, దూలానికి కట్టి.

మీ ఊళ్ళోనూ మాయ పడేదాకా ఆగుతారా? ఈసారి వెళ్ళినప్పుడు ఓసారి అడిగి చూడండి.