పొగ మాన్పవలెను గాని పని మాన్పరాదు

గత సంవత్సరము మా తరగతిలోని యొక బాలుడు పాత కరెంటు తీగలను కాల్చి, లోపలి రాగిని తీసి యమ్మి, ఆ పైకముతో నోటుపుస్తకములు కొనుక్కొనెనని తెలిసి వానిని మందలించితిని. వాడు తల వంచుకొని, "కాల్చని తీగకు సగము ధరయైన నియ్యరండి, మాష్టారూ" అనెను. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆ బాలుని చిక్కే వేలాదిమందికి నిత్యజీవనమైన స్థల మొకటి యాఫ్రికాఖండమున కలదు. దాని చరిత్రమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించి, నా యభిప్రాయమును తెలుపుటకే యీ వ్యాసము.

పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశమునకు ఆక్రా ముఖ్యపట్టణము. అచ్చట ఓడావ్ నది యొడ్డున అగ్బోగ్బ్లోషీ యను పేట యున్నది. పాడైన కంప్యూటర్లు, టెలివిజన్లు, రిఫ్రిజిరేటర్లు, సెల్‌ఫోన్లు, మోటారుబండ్ల భాగములు అనేక సంవత్సరములు ఆ పేటలో విప్పబడుచుండెను. ఇవి యన్నియు పరదేశములనుండి చెత్తగానే దిగినవని కొందరు వ్రాసిరి. అది పూర్తిగా నిజము కాదు. పెక్కు వస్తువులు వాడిన సరుకుగా ఓడరేవున దిగి, ఘానా ప్రజల యిండ్లలో కొన్నియేండ్లు పనిచేసి, పిమ్మట పాడైనవే.

ఆ పనివారిలో చాలమంది యుత్తర ఘానానుండి వచ్చిన యువకులు. ఆ ప్రాంతమున సంవత్సరమునకు వర్షకాల మొక్కటియే. పంట యింటికి వచ్చిన పిమ్మట మాసములతరబడి పొలములో పని యుండదు. చదువును పెట్టుబడియు లేనివానికి పట్టణమున దొరకిన జీవనము ఇది. తోపుడుబండితో తిరిగి పాత సామాను కొనువా డొకడు, సుత్తితో పగులగొట్టి విప్పువా డొకడు, తీగలు కాల్చువా డొకడు, తూకము వేసి లోహమును కొను వర్తకు డొకడు. ఏనాటి కూలి ఆనాడే చేతికి వచ్చును. దానిలో కొంత యింటికి పంపుదురు. వీరిని సోమరులనుటకు గాని, చెడ్డవారనుటకు గాని యెవరికిని హక్కు లేదు.

అయినను ఆ కూడే వారి దేహమును తినివేయుచున్నది. తీగలపై ప్లాస్టిక్ పొట్టు కాలునప్పుడు డయాక్సిన్లను విషములు పుట్టును. నిప్పు రాజుటకు పాత టైర్లను, రిఫ్రిజిరేటర్లలోని నురగ పలకలను వేయుదురు గనుక పొగ మరింత చెడ్డదగును. టంకమునందలి సీసము ధూళిలో కలియును. సీసము పిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. దానికి ప్రమాదము లేని పరిమాణ మేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దగ్గు, కంటిమంట, తలనొప్పి, కాలిన గాయములు అచ్చటి పనివారికి నిత్యము. కాలిన తీగలను చల్లార్చుటకు నీళ్లమ్ము బాలికలును ఆ పొగలోనే తిరుగుదురు. ఆ నేలపై మేసిన కోళ్ల గ్రుడ్లను 2019లో పరీక్షింపగా, ఒక్క గ్రుడ్డు తిన్న పెద్దవాని యొడలిలో యూరపు ఆహార రక్షణ సంస్థ నిర్ణయించిన దినసరి మితికి 220 రెట్లు డయాక్సిన్లు చేరునని తేలెను.

ఇట్టి స్థలమును మూసివేయరాదా యని మీరడుగుదురు. నేనును మొదట నట్లే తలచితిని. 2021 జూలైలో ప్రభుత్వమువారు ఆ పాత సామానుల యంగడులను కూలద్రోయించిరి. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొన్నట్లయ్యెను. పనివారు నది కావలి పేటకును పట్టణములోని యితర స్థలములకును చెదరిపోయిరి. పొగ ఆరలేదు, చోటు మారినది. ఒకచోట నున్నవారికి వైద్యము చేయవచ్చును, పని నేర్పవచ్చును. చెదరినవారి నెవరు వెదకుదురు?

మరి యంత్రము లిచ్చిన చాలునా? 2014లోనే తీగల పొట్టు నొలుచు యంత్రములను అచ్చటికి తెచ్చిరి. అయినను కాల్చుట ఆగలేదు. సన్నని తీగల కవి యంతగా పనికిరావు. నిప్పు పనిని త్వరగా ముగించును. కూలివానికి సాయంకాలపు గింజలు ముఖ్యము. తరువాత జర్మనీవారి సహాయముతో కాల్చని తీగలనే మంచి వెలకు కొను ప్రయత్నము జరిగెను. నా మతమున నిదియే సరియైన త్రోవ. మా బాలుడు చెప్పినదియు నిదియే గదా! పరికరములను దిగుమతి చేయువారు రుసుము చెల్లింపవలెనని ఘానాలో 2016లో చట్టము పుట్టినది. ఆ ధనము కార్యాలయములలో నిలిచిపోక, బండి లాగువాని చేతివరకు రావలెను.

ఇది దూరదేశపు కథ యని యూరకుండరాదు. 2022లో లోకమంతట నిట్టి చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు పోగుపడగా, దానిలో నూటికి 22 పాళ్లు మాత్రమే సరియైన పద్ధతిని సేకరింపబడినట్లు లెక్కకు వచ్చెను. మన ఢిల్లీలోని సీలంపూరునను ఇదే పని జరుగుచున్నది. పాత పరికరముల బాధ్యత తయారుచేసినవారిదేయను నిబంధనలు మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి యమలులో నున్నవి. నిబంధనలు మంచివే గాని, మన వీధికి వచ్చు పాత సామానులవాని బండిని అవి యింకను చేరవలసియున్నది.

తలిదండ్రులకు నా విన్నపము: పాడైన ఫోనును, బ్యాటరీని చెత్తకుండీలో వేయకుడు, తీగలను కాల్పనీయకుడు. పాఠశాలలో నొక పెట్టె నుంచి, వీటిని చేర్చి, అనుమతి గల సంస్థకు అమ్మి, వచ్చిన సొమ్మును బీదపిల్లల పుస్తకములకు వినియోగింపవలెనని మా ప్రధానోపాధ్యాయులను కోరియున్నాను. పాత సామానులు కొను మనుష్యుని చిన్నచూపు చూడకుడు. అతడు మనము పారవేసిన దానినుండి రాగిని రక్షించుచున్నాడు. అతని నెవరు రక్షింతురు?

ఆ బాలునికి నే నానాడు చెప్పలేని యుత్తర మిది: "నాయనా, నీవు చేసిన పనిలో తప్పు లేదు, పొగలో తప్పున్నది. ఇకమీదట నీ తీగను కాల్పక పాఠశాలకు తెమ్ము. దానికి తగిన వెల నిప్పించుట పెద్దలమైన మా విధి."