వెనుక సీటు పక్షమున

నలుబదియైదు, ఏబది లక్షల రూపాయలు వెచ్చించి సెడాను కారు కొనదలచిన సికింద్రాబాదు గృహస్థునకు నేడు ముఖ్యముగా రెండు దారులు కనబడుచున్నవి. 2024 డిసెంబరులో టొయోటా సంస్థ మన దేశమున విడుదల చేసిన కొత్త కామ్రీ ధర, రాష్ట్రపు జీవితకాల పన్నును బీమాయు చేరకమునుపే, విడుదలనాడు 48 లక్షలు. 2025 జూలైలో బీఎండబ్ల్యూ సంస్థ విడుదల చేసిన కొత్త 2 సిరీస్ గ్రాన్ కూపే ధర అదే లెక్కన విడుదలనాడు 46 లక్షల 90 వేలతో మొదలైనది. మొదటిది అమెరికాలో సామాన్య కుటుంబములు దశాబ్దముల తరబడి నమ్ముకొన్న మధ్యమ పరిమాణపు సెడాను. రెండవది జర్మను విలాస వాహనముల వరుసలో మిక్కిలి చిన్నవానిలో ఒకటి. వెలలో ఇంచుమించు సమానములైన ఈ రెంటిలో ఏది మేలని అడుగువారికి, ఈ ఊరి వీధులలో చాలకాలముగా కారు నడుపుచు, వెనుక సీటులో కూర్చుండు పెద్దల కష్టసుఖములను గమనించుచు వచ్చినవాడను గనుక, మొదటిదే మేలని నిస్సంశయముగా చెప్పుదును. ఆ రెండవదానియందు లభించువానిలో పెక్కు, పదునెనిమిది లక్షల లోపున దొరకు మన మామూలు సెడానులయందే లభించుచున్నవని కూడ చెప్పవలసియున్నది.

కొలతలు చూడుడు. గ్రాన్ కూపే ముందు వెనుక ఇరుసుల నడిమి దూరము 2,670 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన హ్యుందాయ్ వెర్నాకును సరిగా అంతే. కామ్రీకి 2,825, అనగా ఆరంగుళములకు పైగా అధికము, ఆ ఆరంగుళములును చాలవరకు వెనుక కూర్చున్నవారి మోకాళ్ళకే దక్కుచున్నవి. ఇక యంత్రము సంగతి. గ్రాన్ కూపేలోనిది మూడు సిలిండర్లతో నడచు ఒకటిన్నర లీటరు టర్బో పెట్రోలు ఇంజను; దాని సత్తువ 156 అశ్వశక్తి, టార్కు 230 న్యూటన్ మీటర్లు. వెర్నా టర్బోలోని ఒకటిన్నర లీటరు ఇంజనుకు సిలిండర్లు నాలుగు, సత్తువ 160, టార్కు 253. మెర్సిడెస్ సంస్థ 2021లో మన దేశమునకు తెచ్చిన ఏ-క్లాస్ లిమోజీన్ పెట్రోలు కారులోని 1.3 లీటరు ఇంజను రెనో సంస్థతో కలసి రూపొందించినది కాగా, ఆ కుటుంబమునకే చెందిన ఇంజను అంతకు ముందు సంవత్సరమే మన వీధులలో తిరుగు రెనో డస్టరునకు అమర్చబడియుండెను.

ఇట్లు పంచుకొనుట దోషమని నా భావము కాదు. ఒక మంచి ఇంజనును నలుగురు కలసి తయారు చేసికొన్నచో వ్యయము తగ్గును, లోపములు త్వరగా బయటపడి సరిదిద్దబడును. టొయోటా వారి విలాస శాఖయైన లెక్సస్ సంస్థ ఈఎస్ అను కారును కామ్రీకి ఆధారమైన చట్రపు కూర్పుపైననే నిర్మించుచున్నది. ఆ కారు కొన్నవారెవ్వరును దానిని చిన్నచూపు చూడలేదు. నా అభ్యంతరమెల్ల వెలను గూర్చినది. లోపలి ఎముకలు, కండరములు పదునెనిమిది లక్షల కారుతో సరితూగునవై యుండగా, నలుబదియేడు లక్షలు దేనికి చెల్లించుచున్నామో కొనువాడు స్పష్టముగా ఎరిగియుండవలెను.

పూర్వము ఈ ప్రశ్నకు జర్మను సంస్థలయొద్ద గట్టి సమాధానముండెడిది. 1975లో బీఎండబ్ల్యూ 3 సిరీస్ వచ్చినపుడు, అది చిన్నదైనను వెనుక చక్రములను త్రిప్పు దాని నిర్మాణము ఆ సంస్థవారి పెద్ద కార్లదే. 1982లో మెర్సిడెస్ వారు 190 అను చిన్న సెడానును వెలువరించినపుడు, దాని వెనుక చక్రముల కొరకు ఐదేసి లంకెలతో కూడిన సస్పెన్షనును ప్రత్యేకముగా రూపొందించిరి. పరిమాణమును తగ్గించిరి గాని ప్రమాణమును తగ్గింపలేదు. నేటి గ్రాన్ కూపే, కామ్రీ వలెనే, వెర్నా వలెనే, ముందు చక్రములతో నడచునది. ముందు చక్రముల చోదనము నగర ప్రయాణమునకు చక్కగా సరిపోవును. కాని ఏ విశిష్టతవలన ఆ సంస్థ చిహ్నమునకు అంతటి కీర్తి కలిగెనో ఆ విశిష్టతను విడిచి, చిహ్నమును మాత్రము నిలుపుకొని, దానికి పూర్వపు లెక్కననే వెల కోరుట న్యాయమని నేను తలపజాలను.

ఐనను చిన్న విలాస సెడానునందు నిజమైన గుణములు కలవు, వానిని దాచుట పాఠకునకు ద్రోహమగును. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుపై శామీర్‌పేట దగ్గర ఎక్కి, అనుమతింపబడిన వేగమున పోవునపుడు, అట్టి కారు రోడ్డును కరచిపట్టుకొని పోవు తీరు, స్టీరింగు చేతికి చెప్పు కబురు, గాలిచప్పుడు లోనికి రాకుండ తలుపులు బిగిసి కూర్చుండు నేర్పు, బ్రేకు పెడలును పాదము తాకినంతనే కలుగు ధైర్యము, ఇవి వెర్నాలో ఆ స్థాయిలో లేవు. కామ్రీలో కూడ వేరు స్వభావముతో, మెత్తదనమునకు పెద్దపీట వేసి, కనబడును. ఒంటరిగా, లేదా భార్యతోమాత్రమే ప్రయాణించుచు, నడుపుటయందే ఆనందము పొందు యువకుడు ఆ ఆనందమునకు తన డబ్బు చెల్లించినచో కాదనుటకు మనమెవ్వరము?

కాని సికింద్రాబాదు వాహనదారుడు ఔటర్ రింగు రోడ్డుపై గడపు కాలమెంత? ప్యారడైజ్ కూడలికడ, సర్దార్ పటేల్ రోడ్డుపై, కార్ఖానా నుండి తిరుమలగిరి వరకు, మెట్టుగూడ ఎగువన, ఉదయ సాయంకాలములందు బండి గజమొక్కటి జరిగి ఆగుచు, మరల గజము జరుగుచు పోవలసినదే. కంటోన్మెంటు భూముల నడుమ వెడల్పునకు నోచుకొనక ఇరుకైయున్న రాజీవ్ రహదారిపైనను, నాగపూరు వైపు పోవు 44వ జాతీయ రహదారిపైనను పైవంతెనల మార్గములకు 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగినవి. అవి పూర్తియై రాకపోకలు సాగువరకు మన కార్ల నిజమైన పరీక్షాస్థలము ఈ నత్తనడకయే.

ఇచ్చటనే రెండు యంత్రముల స్వభావభేదము తేటపడును. గ్రాన్ కూపేలోని ఏడు గేర్ల పెట్టె రెండు క్లచ్చులతో పనిచేయునది. వేగముగా పోవునపుడు దాని గేరు మార్పు కనురెప్పపాటున జరిగిపోవును; కాని గజముగజముగా ప్రాకునపుడు క్లచ్చును పూర్తిగా పట్టుటకును వీలులేక, పూర్తిగా విడుచుటకును వీలులేక, జారుచు పట్టుచు ఉండవలసివచ్చును. కుదుపు పుట్టునది, వేడి పెరుగునది అప్పుడే. ఆటోమాటిక్ వెర్నా టర్బోలోనిదియు ఆ జాతి గేరుపెట్టెయే గావున ఈ మాట దానికిని వర్తించును. నగరముదాటి తరచుగా పోనివారు టర్బో లేని వెర్నానో, హోండా సిటీనో చూచుకొనుట మంచిది. కామ్రీలో సాధారణమైన గేరుపెట్టెయే లేదు. రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజనును, రెండు విద్యుత్ మోటారులను, నడిమి పళ్ళచక్రము చుట్టును చిన్న చక్రములు తిరుగు ఒక కూర్పు కలిపి నడిపించును; అన్నిటి సత్తువ కలసి 230 అశ్వశక్తి. సిగ్నలుకడ ఆగినంతనే ఇంజను ఆగిపోవును. ముందుకు కదలునపుడు తొలుత మోటారే లాగును. బ్రేకు వేసినపుడు వేడియై వ్యర్థము కావలసిన శక్తిలో కొంత మరలి బ్యాటరీకి చేరును. ఏసీ కంప్రెసరు సైతము విద్యుత్తుతోనే తిరుగును గావున, మే నెల మధ్యాహ్నము ప్యారడైజ్ కడ ఇంజను నిద్రించుచుండగా లోపల చల్లదనము తగ్గదు. పరీక్షలో లీటరునకు 25.49 కిలోమీటర్లు నడచినట్లు ధ్రువీకరింపబడినది. వీధిలో అంత రాదు, ఐనను ఆగుచు సాగు నగరప్రయాణమున పెట్రోలు త్రాగుటలో టర్బో కారు దీనికి సాటిరాదు. ఈ విద్య నలుబదియెనిమిది లక్షలవారికే పరిమితము కాలేదు. హోండా సంస్థ 2022 మేలో సిటీ సెడానుకే హైబ్రిడ్ యంత్రమును అమర్చి, పరీక్షలో లీటరునకు 26.5 కిలోమీటర్లు చూపినది. మధ్యతరగతి కారు ఎంత ముందుకు వచ్చినదో తెలియుటకు ఇంతకంటె నిదర్శనమేల?

నాకు అన్నిటికంటె ముఖ్యమైనది వెనుక సీటు. మారేడుపల్లిలో నున్న మా పెద్దమ్మగారికి మోకాలి కీలు మార్పిడి జరిగిన కొన్ని నెలలకు, డాక్టరుకు చూపించుటకై, బంధువుల కుర్రవాడు తన కొత్త విలాస సెడానును గుమ్మము ముందుకు తెచ్చెను. ముచ్చటైన కారు, పైకప్పు వెనుకకు వాలి విల్లువలె వంగియుండెను. ఆమె కుడికాలు లోనబెట్టి, తలుపు చట్రమునకు కొప్పు తగులకుండ మెడ వంచి, ముందు సీటు వీపును చేతితో పట్టుకొని కూర్చుండబోగా, ఆపరేషనైన మోకాలు మడవవలసినంత మడవలేదు. పాదము ముందు సీటు క్రింద దూరలేదు. చీర కుచ్చిళ్ళు గడపలో నలిగినవి. “నా నడుము వంగుతుంది గానీ మెడ వంగదురా నాయనా, ముందర కూర్చుంటాలే” అని ఆమె నెమ్మదిగా దిగి, కుర్రవాని ప్రక్క సీటుకు మారెను. అతని తల్లి వెనుకకు పోయి ఒదిగి కూర్చుండెను. ఎవరును ఎవరిని ఏమియు అనలేదు. మన ఇండ్లలో తాతయ్యయో, అమ్మమ్మయో, మేనత్తయో కారు ఎక్కని వారముండదు. కామ్రీయు నేలకు దగ్గరి కారే. అందులోనికి ఎక్కుట యుండదు, దిగి కూర్చుండుటయే. కాని దాని వెనుక తలుపు వెడల్పుగా తెరచుకొనును, కాళ్ళు చాపుటకు చోటుండును, సీటు వీపు మీటతో వాలును, ఏసీ మీటలు చేతివాలు మీదనే అందును. ఇట్టి సౌఖ్యమును విలాసమని పిలువక మరి దేనిని పిలువవలెను?

రక్షణ విషయమున విలాస సంస్థలు మనకందరికి చేసిన మేలు గొప్పది. దానికి కృతజ్ఞత చెప్పియే ముందుకు పోవలెను. బ్రేకు వేసినపుడు చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్, నేటి ఎలక్ట్రానిక్ రూపమున, 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో మొదలైనది. మన దేశమున అది 2019 నుండి ప్రతి కారునకును తప్పనిసరియైనది. ముందు సీట్లలో ఇద్దరికిని ఎయిర్‌బ్యాగులు 2022 జనవరి నుండి అన్ని కార్లకును విధిగా వచ్చినవి. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలందు ఫోక్స్‌వాగన్ వర్టస్, స్కోడా స్లావియా, హ్యుందాయ్ వెర్నాలకు ఐదేసి నక్షత్రములు లభించినవి. ఒకనాడు ధనికుల కారుతోమాత్రమే వచ్చిన రక్షణ నేడు మామూలు సెడానుకు చేరినది గనుక, పిల్లల ప్రాణముల కొరకే విలాస చిహ్నము కొనుచున్నామను మాటకు పూర్వమున్నంత బలము లేదు.

ఇక డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లు మించిన పెట్రోలు, డీజిలు కార్లన్నిటిపైన జీఎస్టీ నలుబది శాతమే. వెర్నాయైనను బీఎండబ్ల్యూయైనను ప్రభుత్వపు దృష్టిలో ఒక్క శ్రేణియే. దానిపైన రాష్ట్రపు జీవితకాల పన్ను. 2022 నాటి సవరణతోనే ఇరువది లక్షలు దాటిన కారునకు అది 18 శాతమునకు చేరెను; ఆ లెక్కననే చూచినను 47 లక్షల కారునకు పన్ను ఎనిమిదిన్నర లక్షలకు చేరువ, అనగా ఒక వెర్నా వెలలో సగము. నలుబది లక్షలు తొమ్మిది శాతము వడ్డీకి ఏడేండ్లకు అప్పు తీసికొన్నచో నెలసరి వాయిదా 64 వేల పైచిలుకు. పదునాలుగు లక్షలకైనచో 22 వేల 500. ఈ తేడా నెలకు నలుబదిరెండు వేలు చొప్పున ఏడేండ్లు సాగును. పిల్లవాని ఇంజనీరింగు చదువు, తల్లిదండ్రుల వైద్యము, నాలుగు ఊళ్ళు చూచి వచ్చుట, ఇవన్నియు ఆ తేడాలో ఇమిడియున్నవి. పెండ్లి సంబంధములు మాటలాడునపుడు గుమ్మము ముందు నిలిచిన కారు చిహ్నమును చూచి వరుని విలువ కట్టు అలవాటు మనలో కొందరికి కలదు. ఆ అలవాటునకు లోబడి తలకు మించిన వాయిదాలు నెత్తిన వేసికొన్న కుర్రవారిని చూచినపుడు నాకు బాధ కలుగుచున్నది. అదే డాలసులోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన తెలుగు ఇంజనీరు, ఇంచుమించు ముప్పదివేల డాలర్లతో మొదలగు కామ్రీలో భార్యాబిడ్డలను త్రిప్పుచు నలుగురిలో ఏ చిన్నతనమును ఎరుగడు.

మధ్యమ సెడానులు మన మార్కెట్టునుండి ఒక్కొక్కటిగా తప్పుకొనుచున్నవి. హోండా సివిక్, అకార్డ్, టొయోటా కరోలా ఆల్టిస్ 2020లో పోయినవి. మారుతి సియాజ్ 2025లో ముగిసినది. పదునైదు, ఇరువది లక్షలున్నవారు ఎత్తైన ఎస్‌యూవీలవైపును, నలుబదియైదు లక్షలున్నవారు చిహ్నములవైపును పోవుచుండుటయే ఇందులకు ముఖ్యకారణము. కావున బేగంపేట షోరూములకు పోవువారిని నేను కోరునది ఒక్కటే. టెస్ట్ డ్రైవుకు ఒంటరిగా పోకుడు; ఇంటిలోని పెద్దవారిని వెంటబెట్టుకొనిపోయి, మీరు స్టీరింగు ముట్టుటకు ముందే వారిని వెనుక సీటులో కూర్చుండబెట్టి, సేల్స్‌మన్‌నే నడుపుమని చెప్పి, ఖాళీ రోడ్డుపై కాక సాయంకాలము ఆరు గంటలవేళ ప్యారడైజ్ మీదుగా ఒక చుట్టు తిరిగి రండు. దిగిన పిమ్మట ఏ కారు కొనవలెనో వారినే అడుగుడు.