వంటింటి వేడిని కొలిచేదెవరు?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, వార్తల్లో రామగుండం పేరు మోగిపోతుంది. ఇవాళ ఇన్ని డిగ్రీలట అని చెప్పుకుంటాం, కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ పనిలో పడతాం. ఆ అంకె ఎక్కడ కొలిచిందో ఎప్పుడైనా ఆలోచించామా?

వాతావరణ శాఖ వారి ఉష్ణమాపకం తెల్లరంగు వేసిన పెట్టెలో, ఎండ నేరుగా తగలకుండా, గాలి ఆడేలా ఉంటుంది. ఊరికీ ఊరికీ పోల్చి చూడాలంటే అదే సరైన పద్ధతి. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటారు. 45 చేరితే ఇక పోలికతో పనే లేదు. మరి గోదావరిఖనిలో రేకుల కప్పు కింద, గ్యాస్ పొయ్యి ముందు నిలబడ్డ ఇల్లాలి పక్కన ఏ పెట్టె ఉంది?

బొగ్గుబాయిల ఊళ్లలో పొయ్యికి వేళాపాళా ఉండదు. ఫస్ట్ షిఫ్టుకు డబ్బా కట్టాలంటే తెల్లారకముందే లేవాలి. సెకండ్ షిఫ్టయితే మిట్టమధ్యాహ్నం వండి వడ్డించాలి. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ ఆ గదికే పోతుంది. అది న్యాయమే, ఆయనకూ నిద్ర కావాలి. కానీ ఆ వేళ వంటింట్లో ఉన్నదెవరు?

చెమట పట్టడంతోనే ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. కుక్కర్ ఆవిరితో నిండిన గదిలో అది ఆరదు. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని వదులుతుంటే శరీరానికి తేరుకునే సందే దొరకదు.

2022 వేసవిలో ఐరోపాలో ఎండల వల్ల 60 వేలమందికి పైగా చనిపోయారని మరుసటి ఏడాది పరిశోధకులు లెక్కగట్టారు. జనాభాతో పోల్చితే ఆడవాళ్ల మరణాలు మగవాళ్ల కంటే 56 శాతం ఎక్కువట! వారిలో వయసు మళ్లినవారే అధికం. వీళ్లంతా ఎండలో కూలికి పోయినవాళ్లు కాదు కదా.

మన దగ్గర 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 2,000 మంది వడదెబ్బకు బలయ్యారు. అది వడదెబ్బ అని రాసుకున్న లెక్క. అహ్మదాబాద్‌లో లెక్క వేరేగా కట్టారు. 2010 మే నెలలో అన్ని కారణాలతో జరిగిన మరణాలను మిగతా ఏళ్ల మే నెలలతో పోల్చి చూస్తే 1,344 ఎక్కువ తేలాయి. కారణం ఏమని రాసినా ఎండ చేసిన పని బయటపడింది. 2013లో అక్కడ వడగాడ్పుల ప్రణాళిక వచ్చింది. ఆ తర్వాత ఏటా సగటున 1,190 మరణాలు తప్పాయని మరో అధ్యయనం అంచనా కట్టింది. లెక్క సరిగా కడితే ప్రాణాలు నిలుస్తాయన్నమాట!

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచిదే. కానీ అది ఎండ వల్లే జరిగిన మరణమని తేలాలి. రోడ్డు మీద కూలిన మనిషి సంగతి నలుగురికీ తెలుస్తుంది. వంటింట్లో సొమ్మసిల్లిన ఇల్లాలిది, పక్కగదిలో నిద్రలోనే పోయిన అత్తగారిది గుండెపోటే అనుకుంటాం, అక్కడితో సరి.

2023లో రాష్ట్రంలో చల్లని పైకప్పుల విధానం కూడా వచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లరంగు కప్పుకు వేస్తే లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య కట్టడాలకు, పెద్ద స్థలాల్లోని ఇళ్లకు ఇది తప్పనిసరి. 600 గజాల లోపు ఇళ్లకు మాత్రం ఇష్టమైతేనే. ఇరుకిళ్లలో ఉడికేది మనం, ఇష్టానికి వదిలేసిందీ మన ఇళ్లనే!

అందుకే మహిళా సంఘాల్లో కూర్చున్నప్పుడు అప్పు కిస్తీలతో పాటు ఈ మాటా ఎత్తుదాం. రేకుల ఇళ్లకు రంగు ఖర్చు ఎవరు భరిస్తారో కార్పొరేషన్‌ను అడుగుదాం. ఏప్రిల్, మే నెలల మరణాలన్నిటినీ, ఇళ్లలో జరిగినవాటితో సహా, పాత ఏళ్లతో పోల్చి చూడమందాం. ఈలోగా వంటింట్లో ఓ ఉష్ణమాపకం తగిలించి, మధ్యాహ్నం ఎంతుందో క్యాలెండర్ మీద రాసి పెడదాం. ఇంట్లో ఎక్కడుంది ఎండ అని ఎవరైనా అంటే చూపించడానికి మన దగ్గరా ఓ అంకె ఉండాలి కదా!