సబూత్ మేమే చూపించాలా?

2025 మే నెల. మాణికేశ్వర్ నగర్‌లో ఓ చాయ్ హోటల్. టీవీలో కరాచీ ఓడరేవు తగలబడిపోతోంది. తెర మీద ఆరు డబ్బాల్లో ఆరుగురు పెద్దమనుషులు. ఒకాయన పేరు కింద ‘వ్యూహాత్మక నిపుణుడు’, ఇంకొకాయన పేరు కింద ఏదో ఫౌండేషన్ సీనియర్ ఫెలో. పక్క బల్ల మీది మనిషి మా వైపు తిరిగి నవ్వాడు. ‘ఏం భాయ్, మీవోళ్ల పని అయిపాయె గదా!’

మేం చాయ్ పైసలిచ్చి బయటికొచ్చాం. మీవోళ్లు అంటే ఎవరని అడగలేదు. అడిగితే అదే సబూత్ అవుతుందని తెలుసు.

కరాచీ ఓడరేవుకి ఏమీ కాలేదు. ఆ వార్త పచ్చి అబద్ధమని తర్వాత తేలింది. కానీ అదే వారంలో శంషాబాద్‌లో కొందరు కరాచీ బేకరీ బోర్డు మీద పడ్డారు. ఆ బేకరీ ఎవరిది? దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వచ్చి, 1953లో ఈ నగరంలో దుకాణం పెట్టుకున్న హిందూ కుటుంబానిది. స్టూడియోలో నిపుణుడు మునగగొట్టిన ఓడరేవు సముద్రంలో అట్లాగే ఉంది. పగిలింది మాత్రం మన ఊరి బోర్డు. ఆ నిపుణుణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడు మళ్లీ అదే డబ్బాలో కూర్చున్నాడు.

అందుకే మేం అడుగుతున్నాం. యుద్ధం వచ్చినప్పుడల్లా ఈ దేశంలో మా దేశభక్తికి సబూత్ అడుగుతారు. తాతల కాగితాలు అడుగుతారు, క్రికెట్ మ్యాచ్‌లో ఎవరికి చప్పట్లు కొట్టామో అడుగుతారు. యుద్ధానికి మాటలు సప్లై చేసేవాళ్ల దగ్గర ఏ సబూతూ ఎందుకు అడగరు?

మా బస్తీలో ట్యాంకు అంటే నీళ్ల ట్యాంకు. థింక్‌ట్యాంక్ అంటే ఏమిటో మాకు తెలియదనుకోకండి. మా గల్లీ దాటి క్యాంపస్‌లో అడుగుపెడితే అలాంటి చరిత్రే ఒకటి కనిపిస్తుంది. 1964లో, సోవియట్‌తో అమెరికా ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలంలో, వియత్నాంలో అగ్గి రాజుకుంటున్న కాలంలో, ఉస్మానియాలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వెలిసింది. డబ్బు అమెరికా ప్రభుత్వానిది. మేం అబద్ధం చెప్పం, అక్కడి లైబ్రరీ మంచిది. దేశం నలుమూలల నుంచి లెక్చరర్లు, పరిశోధక విద్యార్థులు వచ్చి అక్కడ చదువుకున్నారు, పీహెచ్‌డీలు చేసుకున్నారు. పుస్తకం మీద మాకు పగ లేదు. అయితే ఒక ప్రశ్న ఉంది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఆ నిధులు తగ్గాయి. సంస్థ పేరు ఇండో అమెరికన్ సెంటర్‌గా మారింది, చివరికి యూనివర్సిటీ వాళ్ల అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రమైంది. వచ్చిన డబ్బు ఏ అవసరం కోసం వచ్చిందో, పోయినప్పుడు తెలుస్తుంది. ఆ కేంద్రం ఎవరి మీదా యుద్ధం చేయమని రాయలేదు. అలా రాసే కేంద్రాలు వేరే ఉన్నాయి.

వాషింగ్టన్‌లో 1997లో ‘ప్రాజెక్ట్ ఫర్ ద న్యూ అమెరికన్ సెంచురీ’ అనే సంస్థ పుట్టింది. 1998 జనవరిలో అది క్లింటన్‌కు ఉత్తరం రాసింది, సద్దాంని గద్దె దించమని. సంతకాలు పెట్టిన 18 మందిలో రమ్స్‌ఫెల్డ్, వుల్ఫోవిట్జ్ ఉన్నారు. మూడేళ్లు తిరిగేసరికి ఒకాయన రక్షణ మంత్రి, ఇంకొకాయన ఆయనకు డిప్యూటీ. 2002లో కెన్నెత్ పొలాక్ ఇరాక్‌పై దండెత్తాలని వాదిస్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. 2003లో యుద్ధం వచ్చింది. ఆ భయంకర ఆయుధాలు ఇరాక్‌లో లేవని 2004లో అమెరికా పంపిన తనిఖీ బృందమే తేల్చింది. ఇరాకీలు లక్షల్లో చచ్చిపోయారు. పొలాక్ తాను పొరబడ్డానని రాసుకుని, మళ్లీ థింక్‌ట్యాంకుల్లోనే కొలువు చేశాడు.

అదే అమెరికాలో నిజం చెప్పిన పండితులు లేరా? ఉన్నారు. 2002 సెప్టెంబర్‌లో 33 మంది అంతర్జాతీయ వ్యవహారాల ప్రొఫెసర్లు ఈ యుద్ధం అమెరికాకు మేలు చేయదని చెప్పారు. ఎట్లా చెప్పారో తెలుసా? న్యూయార్క్ టైమ్స్‌లో పైసలిచ్చి ప్రకటన వేయించుకుని! యుద్ధం కావాలన్నవాడికి స్టూడియో ఉచితం, వద్దన్నవాడు అచ్చు ఖర్చు పెట్టుకోవాలి.

ఇరాక్ మనకు దూరమని అనకండి. 1990లో సద్దాం కువైట్ మీద పడ్డప్పుడు అమ్మాన్ మీదుగా లక్షా 70 వేల మంది భారతీయుల్ని విమానాల్లో తేవాల్సి వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప ఇళ్లలో గల్ఫ్ మనియార్డర్ మీద పొయ్యి వెలిగే కుటుంబాలెన్నో. అక్కడ బాంబు పడితే ఇక్కడ ఆగిపోయేది మా చెల్లెలి నిఖా, మీ తమ్ముడి ఫీజు. ఈ లెక్క ఏ సీనియర్ ఫెలో పేపర్లోనూ ఉండదు.

మరి ఎవరి లెక్క ఉంటుంది? 2023లో క్విన్సీ ఇన్‌స్టిట్యూట్ ఒక పని చేసింది. అదీ థింక్‌ట్యాంకే, సొరోస్, కోక్‌ల డబ్బుతో మొదలైందే. ఉక్రెయిన్‌కు అమెరికా ఆయుధాల గురించి అక్కడి పెద్ద పత్రికలు ఎవరి మాటలు అచ్చేశాయో అది లెక్కగట్టింది. థింక్‌ట్యాంకుల ప్రస్తావనల్లో 85 శాతం ఆయుధ కంపెనీల డబ్బు తీసుకునే సంస్థలవే. తుపాకి అమ్మేవాడి పైసలు తిని తుపాకి అవసరమా అని తీర్పు చెప్పడాన్ని పాండిత్యం అంటారా? మా బస్తీలో దాన్ని దలాలీ అంటారు.

ఇక్కడ మా ఖౌమ్ కూడా తలవంచుకోవాల్సిన సంగతి ఉంది. 2014లో బయటపడ్డ లెక్కల్లో వాషింగ్టన్ థింక్‌ట్యాంకులకు డబ్బిచ్చిన ప్రభుత్వాల్లో ఖతర్, ఎమిరేట్స్ ఉన్నాయి. బ్రూకింగ్స్ ఒక్కదానికే ఖతర్ ఇస్తామన్నది నాలుగేళ్లకు కోటీ 48 లక్షల డాలర్లు. షేక్ ఇచ్చాడు కాబట్టి ఆ డబ్బు పాక్ అయిపోదు. కలిమా చదివిన దొర కొన్న మాట కూడా కొన్న మాటే.

ఇక ఢిల్లీ సంగతి. 2019 ఆగస్టులో 370 రద్దయ్యాక, కశ్మీర్ చూడ్డానికి వెళ్లిన మన ప్రతిపక్ష నాయకుల్నే శ్రీనగర్ విమానాశ్రయం నుంచి తిప్పి పంపారు. అదే అక్టోబర్‌లో ఇరవై మందికి పైగా యూరప్ ఎంపీలు, చాలామంది తీవ్ర మితవాద పార్టీల వాళ్లు, దర్జాగా శ్రీనగర్ వెళ్లొచ్చారు. ఖర్చులు భరించేది ఢిల్లీలోని అలీన అధ్యయనాల అంతర్జాతీయ సంస్థ అని ఆహ్వానంలో రాసి ఉంది. పేరు నెహ్రూ కాలం నాటిది, పని ఈ కాలం నాటిది. బ్రస్సెల్స్‌లోని ఈయూ డిస్ఇన్ఫోల్యాబ్ ఆ సంస్థ వెనకున్న వ్యాపార గ్రూపునీ, దాని నకిలీ వెబ్‌సైట్ల వలనీ బయటపెట్టింది. 2009లో వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు వ్యవస్థాపక డైరెక్టరైన అజిత్ దోవల్ 2014లో జాతీయ భద్రతా సలహాదారయ్యారు. సలహా ఇచ్చే గదికీ ఆజ్ఞ ఇచ్చే గదికీ మధ్య గోడ లేనప్పుడు, ఆ సలహాని స్వతంత్రమని మేమెట్లా నమ్మాలి? సెంటర్ ఫర్ పాలసీ రిసెర్చ్ విదేశీ విరాళాల లైసెన్సును మాత్రం 2024 జనవరిలో ప్రభుత్వం రద్దు చేసింది.

నివేదిక అంటేనే మాకు పగ అనుకుంటారేమో. కాదు. మా గాయమే ఒక నివేదికలో ఉంది. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు హైదరాబాద్ జిల్లాలు తిరిగారు. రజాకార్ల దుర్మార్గాలు నిజం, వాటిని మేం దాచం. ఆ తర్వాత జరిగిందీ నిజం. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని వాళ్లు అంచనా వేశారు. ఆ నివేదికని దశాబ్దాలు తాళం వేసి ఉంచారు. పూర్తి పాఠం జనానికి అందేసరికి 2013 వచ్చింది. ఊళ్లు తిరిగి బావుల్లో శవాల సంగతి విని రాసిన వాళ్ల కాగితానికి తాళం, ఏసీ గదుల్లో యుద్ధాలు గెలిచేవాళ్ల కాగితానికి ప్రైమ్ టైమ్!

తెలంగాణ మిత్రులకు ఇది కొత్త కాదు. ఉద్యమం రోజుల్లో క్యాంపస్ మీద కొట్టిన బాష్పవాయువు మాణికేశ్వర్ నగర్ ఇళ్లలోకి, ఉయ్యాల్లో పసిపిల్లల కళ్లలోకి వచ్చింది. 2010 డిసెంబర్‌లో శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డు కవర్లో పెట్టి ఇచ్చింది. మనల్ని ఎట్లా అదుపు చేయాలో రాసిన కాగితం మన కంటబడకూడదన్నమాట! ఆ రోజు నిపుణుల్ని నిలదీసిన మీరే, పాకిస్తాన్ పేరెత్తగానే నిపుణుడి ముందు చేతులెందుకు కట్టుకుంటారు?

మేం అడిగేది పెద్దదేమీ కాదు. యుద్ధం గురించి మాట్లాడే ప్రతి సంస్థా తన డబ్బు ఎక్కడిదో తెర మీద తన పేరు పక్కనే రాయాలి. గత యుద్ధంలో తానేం చెప్పిందో, అది ఎంత నిజమైందో చెప్పాలి. సరిహద్దుకి అటూ ఇటూ చచ్చిపోయిన మామూలు మనుషుల్ని లెక్కపెట్టిందో లేదో చెప్పాలి. ఈ మూడూ చెప్పినవాళ్లు ఏ మతం వాళ్లయినా, ఏ దేశం వాళ్లయినా కూర్చుని వింటాం. చెప్పనివాళ్ల మాట పట్టుకుని మా దేశభక్తిని తూచకండి.

మా తాతలు ఈ మట్టిలోనే ఉన్నారు, ఖబరస్తాన్‌కి వచ్చి చూసుకోండి. మా సబూత్ అది. సార్, మీ రసీదు ఏది?