మేడమీది బార్‌కి ఎత్తొక్కటే చాలదు
ముంబైలో మేడమీది బార్ ఎంచుకునేటప్పుడు చాలామంది అంతస్తులు లెక్కపెడతారు. నా ఓటు తక్కువ ఎత్తుకే. వర్లీలో ఫోర్ సీజన్స్ హోటల్ 34వ అంతస్తులోని ‘ఎయిర్’ నుంచి ఊరంతా కాళ్లకిందే ఉంటుంది, నిజమే, కానీ మనుషులే కంటికి ఆనరు. మెరైన్ డ్రైవ్‌లో ఇంటర్‌కాంటినెంటల్ పైనున్న ‘డోమ్’ అంత ఎత్తు కాదు. అక్కణ్ణుంచి సముద్రపు గట్టుమీద ఒదిగి కూర్చున్న జంటలూ కనిపిస్తారు, చీకటి పడగానే ఒడ్డు వెంట వంపు తిరిగిన దీపాల వరుసా కనిపిస్తుంది. పొద్దుగుంకడానికి అరగంట ముందే చేరుకోవాలి; బిల్లులో సగం ఆ వెలుగుకే కడతాం మరి. వానాకాలంలో ఆ వెలుగు మీద ఆశ వదులుకోవడమే మేలు. ఇంకో మాట: గ్లాసు చేతికి రాకముందే రెండో మెట్లదారి ఎక్కడుందో చూసుకోండి. 2017 డిసెంబరులో కమలా మిల్స్ ఆవరణలో మేడమీది పబ్‌లు తగలబడి 14 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది బాత్రూముల్లో తలదాచుకుని పొగకు ఊపిరాడక పోయినవాళ్లే. అందుకే, ఆ రెండో మెట్లదారికి అడ్డంగా బీరు కేసులు పేర్చి ఉంటే, ఎంత గొప్ప బార్ అయినా ఆర్డర్ ఇవ్వకుండా దిగి వచ్చేయండి.